పాత ఇంటి మీద మనసు పడ్డవాళ్లకి: బాగుచేయాలా, కొనాలా, విప్పి తెచ్చుకోవాలా?

కోనసీమలో కాలువ గట్టు మీద వెళ్తుంటే కొబ్బరి చెట్ల సందులోంచి సగం కూలిన పెంకుల కప్పు, రంగు వెలిసిన నగిషీ ద్వారబంధం కనబడితే చాలు, నా బండి దానంతట అదే ఆగిపోతుంది. ఈ జబ్బు నాకొక్కడికే ఉందనుకునేవాణ్ణి. మా తాతగారి ఇల్లు బాగుచేయించడం మొదలుపెట్టాక తెలిసింది, ఊరికి ఇద్దరు ముగ్గురున్నారని. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఊళ్లో ఇల్లు పడిపోతోందని నిద్రపట్టని వాళ్లు కొందరు. డల్లాస్ నుంచి అర్ధరాత్రి ఫోన్ చేసి "అన్నయ్యా, ఫలానా ఊళ్లో గడీ అమ్మకానికి ఉందట, ఓసారి చూసొస్తావా" అనేవాళ్లు కొందరు. అందరూ ముందు అడిగేది ఎంతవుతుందనే. నేను మాత్రం ముందు ఏ దారిన వెళ్తారో తేల్చుకోమంటాను. ఖర్చు సంగతి దాని వెనకాలే వస్తుంది.

నాకు తెలిసి ఐదు దారులున్నాయి. సొంతవాళ్ల ఇంటిని ఉన్నచోటే బాగుచేసుకోవడం. పరాయివాళ్ల పాడుబడ్డ ఇల్లో, ఒకప్పటి దొరల కోటలాంటి గడీయో కొనడం. పాత ఇంటిని విప్పి, దాని కలప, స్తంభాలు, తలుపులు తెచ్చి మన స్థలంలో నిలబెట్టుకోవడం. పాత తీరులో కొత్త ఇల్లు కట్టుకోవడం. ఇక చివరిది, మనది కాకపోయినా ఊళ్లో ఏ మెట్లబావో, సత్రమో బాగుపడేలా చూడటం.

తలుపు తరవాత చూద్దురు గాని

పాత ఇల్లు చూడటానికి వెళ్తే నేను మూడు వస్తువులు పట్టుకెళ్తాను. టార్చిలైటు, పొడవాటి స్క్రూడ్రైవరు, ప్లాస్టిక్ బకెట్టు. బకెట్టు చూసి అందరూ నవ్వుతారు.

మండువా ఇంట్లో, అంటే నడిమధ్య పైకప్పు లేకుండా వదిలిన ఇంట్లో, నాలుగు వైపుల కప్పు లోపలి వాలు మీద పడ్డ వాన నీళ్లన్నీ నడిమి గుంటలోకే దిగుతాయి. అక్కణ్ణుంచి నేల కిందుగా ఉన్న తూములోంచి వీధిలోకో పెరట్లోకో పోవాలి. ఇల్లు పదేళ్లు తాళం వేసి ఉంచితే ముందు పూడిపోయేది ఆ తూమే. ఎలుకలు మట్టి తోడతాయి, ఆకులు చేరతాయి. ఆ తరవాత ప్రతి వానకీ మండువాలో నీరు నిలిచి పక్క గోడల పునాదుల్లోకి ఇంకుతుంది. అందుకే వెళ్లగానే నూతిలోంచి నాలుగైదు బకెట్లు తోడి మండువాలో పోసి, తూము బయటి నోటి దగ్గర నిలబడండి. కాసేపటికి నీళ్లు బుడబుడమంటూ వస్తే ఆ ఇంటికి ఇంకా ప్రాణం ఉంది. రాకపోతే గోడల అడుగు తడిమి చూడండి. మోకాలెత్తు దాకా సున్నం పొక్కి, గోరు తగలగానే పిండిలా రాలుతుంటే గోడ ఏళ్ల తరబడి నీళ్లు తాగుతోందన్నమాట.

స్క్రూడ్రైవరు దూలాల కోసం. దూలం మధ్య భాగం ఎప్పుడూ దిట్టంగానే కనబడుతుంది. పుచ్చేది గోడలోకి దూరే చివర. అక్కడ గాలి ఆడదు, చెమ్మ చేరుతుంది, చెదలకి అంతకంటే ఏం కావాలి? చేవ తేలిన తాటి దూలమైతే స్క్రూడ్రైవరు మొన జారిపోతుంది. పుచ్చిందైతే మగ్గిన అరటిపండులో దిగినట్టు దిగిపోతుంది. అలాగని దూలం మొత్తం మార్చక్కర్లేదు. పాడైన మేరకు కోసేసి, ఎండిన టేకు ముక్క అతికి బోల్టులు బిగించవచ్చు. లేదంటే గోడకి ఇనప దన్ను ఇచ్చి మోయించవచ్చు. "ఇవన్నీ ఎందుకండీ, మొత్తం దించేసి స్లాబు పోసేద్దాం" అని ఏ మేస్త్రీ అయినా మొదటి రోజే అంటే, ఆయనకి కాఫీ ఇచ్చి పంపించి ఇంకొకరిని వెతుక్కోండి.

టార్చిలైటు పట్టుకుని చూడాల్సింది కప్పులో రెండు వాలులు కలిసే లోపలి మూలల్ని. మండువా ఇంట్లో నాలుగు మూలలుంటాయి, అందులో ఒకటైనా కారుతుంటుంది. కప్పు నిలబడ్డ మట్టిగోడ వందేళ్లయినా ఉంటుంది. కప్పు పోయిందంటే మూడో వానాకాలం చూడటం కష్టం. రాయలసీమ మట్టి మిద్దె అయితే చిక్కు ఇంకోలా ఉంటుంది. కారినప్పుడల్లా పైన ఇంకో పొర చౌడు మట్టి పరుస్తూ పోతారు. అలా తరాలు గడిచేసరికి కప్పు బరువు కట్టినప్పటి కంటే ఎన్నో రెట్లు పెరిగి దూలాలు వంగిపోతాయి. అక్కడ మొదటి పని మట్టి వేయడం కాదు, దించడం.

తాతగారి ఇల్లు

ఐదు దారుల్లో పైకి చవకగా కనిపించేది ఇదే, కొనే ఖర్చు లేదు కాబట్టి. కానీ ఇటుకలు లెక్కపెట్టే ముందు వారసులని లెక్కపెట్టండి. మా ఇంటికి పదకొండు మంది తేలారు. ఆడపిల్లల్ని మర్చిపోకండి. ఉమ్మడి ఆస్తిలో అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకి సమాన హక్కునిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం తెచ్చింది. 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించాక పెళ్లయిందా లేదా అన్న తేడా కూడా పోయింది. "మా అత్తయ్యలు ఏమీ అడగరండీ" అనే మాట మీద పని మొదలుపెట్టకండి. వాళ్లు అడగకపోవచ్చు, వాళ్ల పిల్లలు అడుగుతారు.

నా సంగతే చెప్తాను. అందరం సంక్రాంతికి కలిసినప్పుడు "నువ్వే చూసుకోరా" అన్నారు. ఆ ధైర్యంతో ముందు వసారా కప్పు వేయించాను. ఆర్నెల్ల తరవాత వరసకి తమ్ముడొకడు ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇంటి విలువ పెరిగింది కదా, నా వాటా కూడా పెరిగినట్టే కదా" అన్నాడు. అతన్ని ఏమనగలను? కాగితం లేకుండా పలుగు పట్టింది నేనే. పంపకాల దస్తావేజు గానీ, మిగతావాళ్ల నుంచి హక్కు విడుదల దస్తావేజు గానీ రిజిస్టరు అయ్యాకే మేస్త్రీని పిలవండి. దీనికే ఏడాది పట్టినా పట్టనివ్వండి.

ఊరి నడిబొడ్డున ఉన్న పాత ఇళ్లు చాలామటుకు గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల కోసం వదిలిన భూమిలో, ఉంటాయి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు తప్ప దస్తావేజులు ఉండవు. కేంద్రం 2020లో మొదలుపెట్టిన స్వామిత్వ పథకం కింద డ్రోన్లతో కొలిచి హక్కు కార్డులు ఇస్తున్నారు. మీ ఊళ్లో ఆ సర్వే అయిందేమో గ్రామ సచివాలయంలోనో పంచాయతీలోనో కనుక్కోండి. ఆ కాగితాలేవీ లేకుండా బ్యాంకు లోను మీద ఆశ పెట్టుకోవద్దు. వందేళ్ల మట్టిగోడల ఇంటిని తాకట్టు పెట్టుకుంటామనే బ్యాంకు మేనేజరు నాకైతే ఇంతవరకూ తగల్లేదు.

ఇక సిమెంటు. ఇది కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేదీ ఇల్లు పోయేదీ ఇక్కడే. మా ఇంటి పడమటి గోడ సున్నం రాలిపోయి ఇటుకలు బయటపడ్డాయి. కాంట్రాక్టరు వారం రోజుల్లో శుభ్రంగా సిమెంటు ప్లాస్టరింగు చేసి, పైన తడి తగలని రంగు వేసి ఇచ్చాడు. అద్దంలా ఉందని వీధిలోవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ వానాకాలం గడిచాక చూస్తే గోడ లోపలి వైపు, అంటే పడగ్గది వైపు, తెల్లటి ఉప్పు పువ్వులా పూసింది. సంక్రాంతికి బయట ప్లాస్టరు పలకలు పలకలుగా ఊడింది, ఊడుతూ ఊడుతూ పాత ఇటుక ముఖాన్ని కూడా పెచ్చులుగా పట్టుకుపోయింది.

కారణం ఏమంత పెద్ద రహస్యం కాదు. పాత గోడ కిందనుంచి చెమ్మని పీలుస్తుంది, సున్నం పూతలోంచి దాన్ని గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. నీరు లోపలే ఉండిపోయి, ఇటుకలోని ఉప్పుని కరిగించి ఇంకో వైపు తోస్తుంది. పైగా చేత్తో చేసిన పాత ఇటుక కంటే సిమెంటు గట్టిది కావడంతో, ఎండకీ వానకీ గోడ కదిలినప్పుడు విరిగేది ఇటుకే. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల్ని ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి పదేళ్లకు పైగా బాగుచేసింది. అక్కడ చేసిన పనుల్లో ఒకటి, గత శతాబ్దంలో మరమ్మతు పేరుతో పూసిన సిమెంటుని ఊడగొట్టి మళ్లీ సున్నం పూయడం. సుల్తానుల సమాధులకి తగిలిన జబ్బే మా పడగ్గదికీ తగిలింది.

మా వైపు గానుగ సున్నం అంటారు, తెలంగాణలో డంగు సున్నం. కాల్చిన సున్నాన్ని నీళ్లలో విరగబెట్టి, వారాల తరబడి నానబెట్టి, ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో నూరతారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోస్తారు. ఇప్పుడు ఎద్దుల గానుగ దొరకదు, మోటారు రోలు వాడుతున్నారు. తేడా ఏమీ లేదు. ఓపిక లేకపోతే మాత్రం ఈ పని జోలికి వెళ్లకండి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు గాలిని మెల్లగా పీల్చుకుంటూ గట్టిపడుతుంది, తొందరపెడితే పగులుతుంది. రోహిణి కార్తె ఎండలో పూస్తే ఎండి బీటలు వారుతుంది, ముసురులో పూస్తే కారిపోతుంది. కాబట్టి సున్నం పని దసరా వెళ్లాక మొదలుపెట్టి శివరాత్రి లోపు ముగించాలి. కప్పు పని దీనికి సరిగ్గా తలకిందులు, అది ఎండల్లోనే విప్పాలి. అందుకే ఒక్క ఏడాదిలో అయిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. మొదటి ఎండాకాలం కప్పు, ఆ చలికాలం గోడలు, మరుసటి ఏడు నేల, తలుపులు. రెండేళ్లు తక్కువలో తక్కువ.

బాత్రూముని మాత్రం మట్టిగోడల మధ్య పెట్టించకండి. పెరట్లో వేరే గది కట్టి, తడవకుండా వెళ్లేందుకు చిన్న పంచ దించుకుంటే సరిపోతుంది. కరెంటు వైర్లకి గోడలు చెక్కించొద్దు, పైపుల్లో బయటే పోనివ్వండి. అమెరికా నుంచి వచ్చే పిల్లల కోసం ఏసీ పెట్టాలంటే ఒక్క గదికి పెట్టి ఊరుకోండి.

ఆఖరుగా, ఏటా పెంకు సర్దించాలి. పిల్లులు, గాలివాన, ఇప్పుడు కోతులు. కోతుల మంద ఒక్క మధ్యాహ్నం కప్పు మీద ఆడిందంటే పెంకులవాడికి రెండు రోజుల పని. ఊళ్లో నమ్మకంగా చూసుకునే మనిషి లేకపోతే, ఎన్ని లక్షలు పెట్టినా ఇల్లు ఐదేళ్లలో మళ్లీ మొదటికొస్తుంది.

కొనే ఇల్లు, కొనే గడీ

ఇందులో ఒక సుఖముంది. నచ్చకపోతే వదిలేయొచ్చు, తాతగారి ఇంటితో ఆ వీలుండదు. మిగతావన్నీ కష్టాలే.

ముందు కాగితాలు. పాత దస్తావేజుల నుంచి ఇప్పటిదాకా లింకు తెగకుండా ఉందా, కనీసం ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) ఏం చెబుతోంది, ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో, అంటే 22ఏలో, ఉందా అన్నవి లాయరుతో చూపించండి. పాత సత్రాలూ మఠాల ఇళ్లూ చాలావరకు దేవాదాయ భూముల్లో ఉంటాయి. అమ్మేవాడు ఎంత నిజాయితీపరుడైనా అవి రిజిస్టరు కావు. దగ్గర్లో కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం ఉంటే ఇంకో మెలిక. 2010 సవరణ ప్రకారం ఆ కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కుదరదు, మరమ్మతుకి కూడా అనుమతి తెచ్చుకోవాలి. దాని అవతల మరో 200 మీటర్ల దాకా ఏం కట్టాలన్నా అనుమతి కావాల్సిందే. వరంగల్ కోటలోనో, అమరావతి స్తూపం పక్కనో చవగ్గా ఇల్లు దొరికిందంటే, ఆ చవకకి కారణం ఇదేనేమో చూసుకోండి. విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్లు ఇల్లు కొనుక్కోవచ్చు గానీ వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదు. గడీతో పాటు చుట్టూ నాలుగెకరాల పొలం కూడా ఒకే దస్తావేజులో ఉంటే అక్కడే ఆగిపోతారు.

గడీ గురించి ఇంకో మాట. మీ కంటికి అది బురుజులు, కమాను దర్వాజా, విశాలమైన చావడి. ఊళ్లో డెబ్బై ఎనభై ఏళ్ల పెద్దమనిషికి అదే గోడ అంటే వాళ్ల నాన్న చేసిన వెట్టిచాకిరీ గుర్తొస్తుంది. ఆ రోజుల్లో తెలంగాణ సాయుధ పోరాటం నడిచిందే ఇలాంటి గడీల దొరల మీద. అలాంటిదాన్ని కొని పెద్ద గేటు పెట్టి తాళం వేసుకుంటే, మీరు కొత్త దొర అయ్యారని ఊరు అనుకుంటుంది. ముందు వసారా ఏ గ్రంథాలయానికో, పిల్లల ట్యూషన్లకో తెరిచి ఉంచే ఉద్దేశం లేకపోతే గడీ జోలికి పోవద్దనే నేను చెప్తాను.

వ్యక్తులు పూనుకుంటే అసలు అవుతుందా అని అడుగుతారు. అవుతుంది. కామారెడ్డి జిల్లా దోమకొండ కోట ఇప్పటికీ ఆ సంస్థాన వంశీకుల చేతుల్లోనే ఉంది. వాళ్లు ఏళ్ల తరబడి బాగుచేయించిన ఆ కోటకి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో అవార్డ్ ఆఫ్ మెరిట్ వచ్చింది. రాజస్థాన్‌లో నీమ్రానా కోట శిథిలంగా పడి ఉంటే అమన్ నాథ్, ఫ్రాన్సిస్ వాక్జియార్గ్ అనే ఇద్దరు మిత్రులు 1986లో తీసుకుని, 1991లో హోటల్‌గా తెరిచారు. ఒకేసారి మొత్తం బాగుచేయలేదు. కొన్ని గదులు సిద్ధం చేసి, వాటి ఆదాయంతో మిగతావి చేస్తూ పోయారు. నాకు నచ్చిన పాఠం అదే. మూడంతస్తుల ఇల్లు కొని మూడూ ఒకేసారి మొదలుపెట్టినవాళ్లు మధ్యలో ఆపేయడం చూశాను. రెండు గదులూ ఒక వంటిల్లూ ముగించి అక్కడ పడుకుంటూ మిగతాది నడిపిస్తే పని ఆగదు. హోమ్‌స్టే లెక్కలు మాత్రం జాగ్రత్త. దిండి, అంతర్వేది దారిలో అయితే మనుషులొస్తారు. లోపలి పల్లెలో, దగ్గర్లో చూడ్డానికేమీ లేనిచోట, ఇల్లు అందంగా ఉందని ఎవరూ వంద కిలోమీటర్లు రారు.

ఇటలీలో ఒక్క యూరోకే ఇళ్లట కదా అని అడిగేవాళ్లకి కూడా ఇక్కడే జవాబు. సిసిలీలోని సాంబూకా లాంటి ఊళ్లలో నిజంగానే వేలం మొదటి ధర ఒక యూరోతో పెట్టారు. ఇలాంటి పథకాల్లో సాధారణంగా కొన్నేళ్లలో బాగుచేసి తీరాలన్న షరతు ఉంటుంది, దానికి డిపాజిట్ కూడా కట్టాలి. ఇల్లు కొన్నంత మాత్రాన అక్కడ ఉండే వీసా రాదు. భాష తెలియని మేస్త్రీతో వీడియో కాల్‌లో పని చేయించడం కంటే మన మేస్త్రీతో పోట్లాడటమే సుఖం.

విప్పి తెచ్చుకోవడం

ఊళ్లో ఇల్లు ఎలాగూ పడగొట్టేస్తున్నారు, మీకు ఇంకోచోట స్థలం ఉంది. అప్పుడు ఈ దారి గురించి ఆలోచించవచ్చు. కొత్త ఆలోచనేమీ కాదు. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి నిలబెట్టారు. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్రలో దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లని విప్పి తెచ్చి మళ్లీ కట్టారు. మనవాళ్ల చుట్టిల్లు, నల్గొండ వైపు చేనేత ఇల్లు కూడా అక్కడ చూడొచ్చు. అటు వెళ్లినప్పుడు ఒక పూట ఆగి చూడండి, ఈ దారి మీకు పడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది.

పాత ఇళ్ల కలపపని ఈ పనికి అనువుగా ఉంటుంది. మేకులు తక్కువ, కొయ్య చీలలు, గాడులు ఎక్కువ. చీల తట్టితే స్తంభం, దూలం విడిపోతాయి. కానీ మట్టిగోడ లారీలో రాదు. మీరు తెచ్చుకునేది ఆ ఇంటి ఎముకల గూడు మాత్రమే, గోడలు, కప్పు, నేల అన్నీ కొత్తవే. ఖర్చు కొత్త ఇంటి కంటే తగ్గదు, పెరుగుతుంది.

చేస్తే ఇలా చేయండి. విప్పే ముందు ప్రతి స్తంభానికి, దూలానికి, వాసానికి రంగుతో నంబరు రాయాలి, అది ఏ దిక్కుగా ఉండేదో బాణం గుర్తు వేయాలి. ఆ నంబర్లతో కాగితం మీద బొమ్మ గీసుకోవాలి. ఫొటోలు తీశాం కదా అనుకోకండి, ఫోన్లో ఉన్న ఎనిమిది వందల ఫొటోల్లో అన్ని స్తంభాలూ ఒకలాగే ఉంటాయి. వరంగల్ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పాక తిరిగి నిలబెట్టి తెరిచేసరికి 2024 వచ్చింది. అంతటి నిపుణులకే పదిహేనేళ్లు దాటిపోయింది. మీది మండువా ఇల్లే అయినా, విప్పిన కలప వర్షంలో తడవకుండా పెట్టడానికి షెడ్డు ముందే కట్టుకోండి.

ఇంకొకటి, ఒకే ఇంటి సామాను మొత్తంగా కొనండి. తమిళనాడు కారైక్కుడిలో పాత సామాను బజార్లో రెండు స్తంభాలు, హైదరాబాద్ కలప అడితిలో నాలుగు, ఎవరో ఇచ్చిన ద్వారబంధం ఒకటి కలిపితే ఏదీ ఏదానితో కుదరదు. ఎత్తులు వేరు, లావులు వేరు. వడ్రంగి పొట్టివాటి కింద దిమ్మలు పెడతాడు, పొడుగువాటిని కోసేస్తాడు. నగిషీ ఉన్న చోటే కోస్తాడు.

నాకు దీని మీద ఒక గుంజాటన కూడా ఉంది. పాత స్తంభాలకి గిరాకీ పెరిగేకొద్దీ, నిలబడి ఉన్న ఇళ్లని కూడా స్తంభాల కోసం పడగొట్టే దళారులు తయారయ్యారు. కూల్చడం ఖాయమైన ఇల్లయితే తెచ్చుకోండి. మీరు అడ్వాన్సు ఇచ్చినందువల్ల కూలబోయే ఇల్లయితే వద్దు.

కొత్తది, పాతలా

దీని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. మండువా, అరుగు, పెంకుల వాలు కావాలి, తలనొప్పులు వద్దనుకునేవాళ్లకి ఇదే మంచిది. కాగితాలు సులువు, లోను వస్తుంది, బాత్రూములు ఎన్నయినా పెట్టుకోవచ్చు. దీన్ని "వారసత్వ పరిరక్షణ" అనకుండా ఉంటే చాలు.

మనది కాని కట్టడం

సొంతానికి స్థలమూ డబ్బూ లేనివాళ్లకి ఈ కల మూసుకుపోయిందనుకోకండి. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావి చెత్త డంపుగా మారిపోయి ఉండేది. ఒక స్వచ్ఛంద సంస్థ, నగరపాలక సంస్థ కలిసి పూడిక తీయించి, మెట్లూ మండపమూ బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచారు. ఇప్పుడు సాయంత్రాలు పిల్లలతో కళకళలాడుతుంది. అందులో ఎవరికీ సొంత హక్కు లేదు.

ఇక్కడ మన వల్ల జరిగే చెడు కూడా ఉంది. ఉత్సాహం ఎక్కువై, పాత గుడికి చందాలు పోగుచేసి, రాతి స్తంభాలకి పెయింటు వేయించి, గర్భగుడి గోడలకి బాత్రూము టైల్సు అంటించినవాళ్లని చూశాను. ఇంకొందరు ఇసుకని జోరుగా చిమ్మే యంత్రంతో రాయి శుభ్రం చేయిస్తారు. మురికితో పాటు శిల్పం ముక్కు, పెదవి అన్నీ నునుపైపోతాయి. చందా రశీదు పుస్తకం కొట్టించే ముందు రాష్ట్ర పురావస్తు శాఖకి ఒక దరఖాస్తు పెట్టండి, గుడి అయితే దేవాదాయ శాఖకి కూడా. వారసత్వ కట్టడాల కోసం 1984 నుంచి పనిచేస్తున్న ఇంటాక్ సంస్థకి మన రెండు రాష్ట్రాల్లోనూ చాప్టర్లున్నాయి, వాళ్లని ఒకసారి పిలిచి చూపించండి. తొలి ఏడాది మీరు చేయగల మంచి పని పిచ్చిమొక్కలు కొట్టించడం, నీళ్లు పోయే దారి తీయించడం, ప్రతి మూలా కొలతలతో ఫొటోలు తీసి పెట్టడం. పేరు రాదు గానీ కట్టడం బతుకుతుంది.

మరి మీకేది?

నన్ను సూటిగా అడిగితే ఇలా చెప్తాను. వారసులందరూ సంతకం పెడతారు, కప్పు ముప్పాతిక వంతు నిలబడే ఉంది, ఊళ్లో అమ్మో నాన్నో బాబాయో ఉంటారు అంటే, తాతగారి ఇల్లే. ఈ మూడింట్లో రెండు లేకపోతే ఎంత ప్రేమ ఉన్నా చేతులు కాల్చుకోవద్దు. ఇల్లు పోతుందన్న బాధ భరించలేకపోతే, మండువా స్తంభాలూ ద్వారబంధమూ మీ వాటాగా అడిగి తెచ్చుకోండి, మిగతావాళ్లకి స్థలం వదిలేయండి. అలా చేసి హాయిగా ఉన్న ఒక కుటుంబం నాకు తెలుసు.

చేతిలో అప్పు లేని డబ్బు ఉండి, మీరు వారంలో సగం రోజులు అక్కడ ఉండగలిగితేనే పరాయి ఇల్లు కొనండి. మేస్త్రీ ఎంత మంచివాడైనా యజమాని కళ్లెదుట లేనప్పుడు సున్నంలో సిమెంటు కలుపుతాడు. మోసం చేయాలని కాదు, గట్టిగా ఉంటుందని అతని నమ్మకం. వచ్చిన అంచనాకి ఇంకో సగం కలిపి పక్కన పెట్టుకోండి. పాత గోడ విప్పాక లోపల ఏముందో విప్పినవాడికే తెలుస్తుంది. రిటైరయ్యాక చేద్దామనుకునేవాళ్లకి ఒక్క మాట: పెంకుల కప్పు ఎక్కి చూడగలిగే వయసులోనే మొదలుపెట్టండి.

ఇంకా తేల్చుకోలేకపోతున్నారా? పరవాలేదు, కానీ తేల్చుకునేలోపు ఇల్లు కూలకుండా ఈ వేసవిలో కొంత చేసి పెట్టండి. కారే మూలల మీద టార్పాలిన్ కట్టించండి, కట్టేటప్పుడు గాలి ఆడేలా కింద సందు ఉంచండి. తూము పూడిక తీయించండి. పగిలిన పెంకులు తీసేసి, బాగున్నవి ఒకచోట పేర్పించండి, అలాంటివి మళ్లీ దొరకవు. తలుపులూ కిటికీలూ నెలకోసారి రోజంతా తెరిచి ఉంచమని పక్కింటివాళ్లకి తాళం ఇవ్వండి. గోడ సందులో రావి మొక్క మొలిచి ఉంటే మాత్రం లాగి పీకొద్దు. పైది ఊడొస్తుంది, వేరు ఇటుకల మధ్యే ఉండిపోయి రెట్టింపుగా చిగురిస్తుంది. ముందు మొదలు దగ్గర కోసి, వేరు చచ్చేదాకా మందు పోయించి, అది పూర్తిగా ఎండాకే ఆ చుట్టూ ఉన్న ఇటుకలు ఒక్కొక్కటిగా తీసి వేరుని బయటికి లాగించండి. ఆ ఖాళీని సున్నంతో నింపాలి. సిమెంటుతో కాదు.